రాయి మీదిది చదవొచ్చు... నెట్‌లోది ఎటు పోయింది?

ముందుగా ఒక చిన్న పరీక్ష. ఈ అక్షరం చూడండి: ఴ

మీ ఫోన్‌లో ఏం కనిపించింది? అక్షరమే కనిపిస్తే సంతోషం. ఖాళీ డబ్బా కనిపించినా కంగారు పడకండి, ఫోన్ పాడవలేదు. ఆ అక్షరాన్ని గీసే ఫాంటు అందులో లేదు, అంతే.

ఇది అచ్చంగా మన తెలుగక్షరమే. తొలినాటి తెలుగు శాసనాల్లో ఉంది. మన 'కోడి'ని తమిళంవాళ్లు 'కోళి' అంటారు కదా, అక్కడ నాలుక బాగా వెనక్కి మడిచి పలికే శబ్దం ఇది. 'తమిళ్' అనే మాట చివర వినిపించేదీ ఇదే. ఒకప్పుడు మనకూ ఉండేది. తర్వాత ఎక్కువగా 'డ'లో కలిసిపోయింది. అందుకే వాళ్లది కోళి, మనది కోడి. వాళ్లది ఏళు, మనది ఏడు. శబ్దం పోయింది, దాంతోపాటు అక్షరమూ వాడుక నుంచి పోయింది. రాళ్ల మీద మాత్రం మిగిలింది. వెయ్యేళ్లకు పైగా అట్టా రాళ్ల మీదే ఉండిపోయి, 2014లో కంప్యూటర్లలోకి వచ్చింది.

వెయ్యేళ్ల కిందటి అక్షరం మన ఫోన్‌లోకి వచ్చింది, బాగానే ఉంది. మరి పాతికేళ్ల కిందట తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో రాసినవి చదవగలుగుతున్నామా? ఈ వారం సంగతి అదే.

మా ఊరికి, ఈ గొడవకి ఏం సంబంధం?

మాది వెంకటాచలం. నెల్లూరు నుంచి చెన్నై వైపు హైవే మీద పోతుంటే తగిలే మండలం. బస్సులో నిద్రపోతే దాటిపోయినట్టు కూడా తెలియదు. కానీ భాష గురించి పట్టించుకునేవాళ్లు మాత్రం ఈ పేరు వినే ఉంటారు. 2008లో కేంద్రం తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చింది. ఆ హోదాతో వచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మొదట్లో మైసూరులో ఉండేది. 2020 జనవరిలో మా వెంకటాచలంలోని స్వర్ణభారత్ ట్రస్టు ఆవరణలో కొత్తగా ప్రారంభమైంది.

పాత తెలుగును వెతికే పనికి నెల్లూరు కొత్తేం కాదు. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లాలోని రాగిరేకుల మీదా రాళ్ల మీదా ఉన్న శాసనాలన్నీ సేకరించి, 1905లో మూడు సంపుటాలుగా అచ్చేయించారు. ఏ గుడి దగ్గర, ఏ చెరువు దగ్గర, ఏ రాయి మీద ఏం రాసి ఉందో అందులో దొరుకుతుంది. అందులో కొన్ని రాళ్లు ఇప్పుడు ఉన్నాయో లేవో అనుకున్నా, వాటి మీది మాటలు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి.

రాయికి ఒక గొప్ప గుణం ఉంది. దాన్ని చదవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కళ్లు ఉండి, ఆ లిపి నేర్చుకుంటే చాలు. వెబ్‌సైటు అట్టా కాదు. అది కనపడాలంటే సర్వర్ నడవాలి, డొమైన్‌కు ఏటా డబ్బు కట్టాలి, బ్రౌజర్‌కు ఆ కోడ్ అర్థం కావాలి, అక్షరాలను గీసే ఫాంటు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అంతే సంగతులు.

మొట్టమొదటి వెబ్‌సైటే సరిగ్గా మిగల్లేదు

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు కథ మీలో చాలామంది ఎక్కడో ఒకచోట విని ఉంటారు. టిమ్ బెర్నర్స్ లీ అనే ఇంగ్లిష్ ఇంజినీరు స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. అక్కడ ఎవరి సమాచారం వాళ్ల కంప్యూటర్లో ఉండేది. మనిషి ఉద్యోగం మానేస్తే ఆ సమాచారం ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. దీనికి పరిష్కారంగా 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాసి పై అధికారికిచ్చాడు. ఆయన పేరు మైక్ సెండల్. కాగితం పైన ఆయన రాసిన మాట ఇప్పుడు చాలా ఫేమస్: అస్పష్టంగా ఉంది, కానీ ఉత్సాహం పుట్టించేలా ఉంది అని.

1990 చివరికల్లా నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ మీద మొదటి సర్వర్, మొదటి బ్రౌజర్, మొదటి వెబ్ పేజీ మూడూ సిద్ధమయ్యాయి. నెక్స్ట్ అంటే స్టీవ్ జాబ్స్ ఆపిల్ నుంచి బయటికొచ్చి పెట్టిన కంపెనీ. ఎవరైనా పొరపాటున స్విచ్ ఆపేస్తారేమోనని ఆ కంప్యూటర్ మీద ఒక కాగితం అంటించారు. ఇది సర్వర్, దీన్ని ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసి మరీ! ఆ ఒక్క డబ్బా ఆగిపోతే ప్రపంచంలోని వెబ్ మొత్తం ఆగిపోయినట్టే అప్పట్లో. 1991 ఆగస్టు 6న టిమ్ ఈ సంగతి బయటి ప్రపంచానికి చెప్పాడు.

ఆ మొదటి సైటులో ఏముండేది? బొమ్మల్లేవు, రంగుల్లేవు. వెబ్ అంటే ఏంటి, ఎట్టా వాడాలి, ఎవరెవరు పనిచేస్తున్నారు అని చెప్పే అక్షరాలూ, లింకులూ మాత్రమే.

అది ఎందుకు గెలిచిందో కూడా చెప్పుకోవాలి. అప్పట్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీవాళ్ల గోఫర్ అనే పద్ధతి వెబ్ కంటే బాగా నడుస్తోంది. 1993 మొదట్లో వాళ్లు కొన్ని రకాల వాడకానికి ఫీజు వసూలు చేస్తామన్నారు. జనం జంకారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వాళ్లు వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చేశారు. అదే ఏడాది బొమ్మలు చూపించే మొజాయిక్ బ్రౌజర్ కూడా వచ్చింది. ఎంఐటీలో మాథ్యూ గ్రే అనే విద్యార్థి లెక్క ప్రకారం 1993 జూన్‌లో ప్రపంచమంతా కలిపి 130 వెబ్‌సైట్లు. డిసెంబర్‌కు 623. ఇప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డులో దుకాణాల సంఖ్య అంతకంటే ఎక్కువే ఉండొచ్చు!

ఇంత చరిత్ర ఉన్న ఆ మొదటి పేజీ ఇప్పుడుందా? మొదటి రోజు ఉన్నది ఉన్నట్టుగా లేదు. పేజీలో మార్పు చేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది రాసేశారు. అప్పట్లో అది చరిత్ర అవుతుందని ఎవరనుకున్నారు? 2013లో సెర్న్ వాళ్లు పాత చిరునామాలో ఆ సైటును మళ్లీ నిలబెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది 1992 నాటి కాపీ. ఆ వార్త విని నార్త్ కరోలినా యూనివర్సిటీలో పనిచేసే పాల్ జోన్స్ తన దగ్గర 1991 నాటి కాపీ ఉందని చెప్పాడు. టిమ్ అప్పట్లో ఆయనకిచ్చింది, ఒక పాత నెక్స్ట్ కంప్యూటర్‌లో ఉండిపోయింది.

సెర్న్ లాంటి సంస్థకే ఈ పరిస్థితి. ఇక మన తెలుగు సంగతి చూద్దాం.

గంటకు 60 రూపాయల ఇంటర్నెట్

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. తెచ్చింది ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు లాంటి మహానగరాలకే. బొమ్మలతో సహా వెబ్ చూడగలిగే అకౌంట్ కావాలంటే వ్యక్తులు 250 గంటలకు 15,000 రూపాయలు కట్టాలి. అంటే గంటకు 60. ఫోన్ బిల్లు అదనం. మా వెంకటాచలం నుంచి మద్రాసుకు ఫోన్ చేయాలంటే ఎస్టీడీ కాల్. అది ఇంకో బాదుడు.

వేగం సెకనుకు 9,600 బిట్లు. ఇప్పుడు మీ ఫోన్‌లో తీసిన 3 ఎంబీల ఫొటో ఒక్కటి ఆ లైన్ మీద దిగాలంటే 40 నిమిషాలు దాటుతుంది. అంటే ఒక్క ఫొటోకి 40 రూపాయలు, 1995లో! వాట్సాప్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పూలబొకేలు పంపే మామయ్యలు ఈ లెక్క ఒకసారి చూడాలి.

1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకూ ఇంటర్నెట్ అమ్మే అనుమతి ఇచ్చారు. ముందుగా రంగంలోకి దిగినవాటిలో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే ఒకటి. 1999లో అది అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది. అదే ఏడాది నవంబర్‌లో రాజేశ్ జైన్ 1995లో మొదలుపెట్టిన ఇండియావరల్డ్ అనే సైట్ల గుంపును 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. వెబ్‌సైట్లకు అంత డబ్బా అని దేశం నోరెళ్లబెట్టింది. ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లు పెరిగాయి. ప్లైవుడ్ గదులు, కూలర్ గాలి, గంటకింత అని రిజిస్టర్‌లో పేరు రాయడం. మీ అన్నయ్యల్నీ అక్కల్నీ అడగండి, చెబుతారు.

నెట్ వచ్చింది. కానీ అందులో తెలుగు ఎట్టా రాయాలి?

తెలుగక్షరాలు లేని తెలుగు

దీనికి మొదటి జవాబు కనిపెట్టింది మన దేశంలో ఉన్నవాళ్లు కాదు. అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు. అక్కడ ఇంటర్నెట్ ముందే ఉంది, ఇంటి మీద బెంగా ఉంది. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు తప్ప వేరేవి లేవు.

1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారుచేశారు. దానికి యూనివర్సిటీ పేరుతోనే రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్ అని పేరు. ముద్దుగా ఆర్‌టీఎస్. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడానికి నియమాలు అవి. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. అంటే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో మన అక్షరాల తేడాలు పట్టుకున్నారు. ఇట్టా రాసినదాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ కూడా తయారైంది.

మీరు ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డు వాడుతున్నారు కదా? ఆ ఆలోచనకు ఇది పెద్దన్నయ్య లాంటిది. తేడా ఒక్కటే. ఇప్పుడు మనం ఎట్టా కొట్టినా కీబోర్డే అర్థం చేసుకుంటుంది. అప్పట్లో నియమం తప్పితే 'పాట' కాస్తా 'పాత' అయిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆర్‌టీఎస్‌లో రాసిన తెలుగు ఇప్పటికీ బతికే ఉంది. ఎందుకంటే అది మామూలు ఇంగ్లిష్ అక్షరాలే. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెరుచుకుంటుంది, నియమాలు తెలిస్తే ఇవాళ కూడా ఒక్క నొక్కుతో తెలుగులోకి మార్చుకోవచ్చు. చూడ్డానికి తెలుగులా లేని తెలుగే అన్నిటికంటే గట్టిగా నిలబడింది.

ఎవరి తాళం వాళ్లది

తర్వాత అందరికీ నిజమైన తెలుగక్షరాలు తెర మీద చూడాలనిపించింది. న్యాయమే కదా. దానికి రెండు దారులు. ఒకటి, పేజీని బొమ్మగా పెట్టేయడం. రెండోది, ఫాంటు మాయ.

ఈ ఫాంటు మాయ కొంచెం ఓపికగా వినండి, కథంతా ఇక్కడే ఉంది. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లిష్ పెద్ద 'ఎ' అంటే దానికి 65. ఆ 65కు ఏ బొమ్మ గీయాలో చెప్పేది ఫాంటు. ఇప్పుడు నేనొక ఫాంటు తయారుచేసి, 65 దగ్గర 'ఎ' బొమ్మ తీసేసి తెలుగు 'క' బొమ్మ పెట్టాననుకోండి. కంప్యూటర్ మాత్రం అది ఇంగ్లిష్ 'ఎ' అనే అనుకుంటుంది. తెర మీద మనకు 'క' కనిపిస్తుంది. ఉన్నది 256 గళ్లు. మన గుణింతాలు, ఒత్తులు అన్నీ అందులో ఇరికించాలి కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట సర్దారు.

సర్దడంలో ఎవరి పద్ధతి వాళ్లది. ఒక పత్రిక ఫాంటులో 65 అంటే 'క' అయితే, ఇంకో పత్రిక ఫాంటులో అదే 65 ఏదో ఒక ఒత్తు. తెలుగు దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఇట్టాంటి సొంత ఫాంట్లతోనే వచ్చాయి. పేజీతో పాటు ఫాంటు కూడా దానంతట అదే దిగేలా చేసే డైనమిక్ ఫాంట్లు 1997 ప్రాంతంలో వచ్చాయి. అందులోనూ నెట్‌స్కేప్ బ్రౌజర్‌ది ఒక రకం, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ది ఇంకో రకం.

చదివేవాళ్లకు పని జరిగిపోయింది. వెతికేవాళ్లకు మాత్రం చుక్కలే. సెర్చ్‌లో 'నెల్లూరు' అని వెతికితే ఆ వార్తలు రావు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో ఆ పేజీలో తెలుగు లేనే లేదు, పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. ఆ ఫాంటు దొరకడం మానేసిన రోజున మనకు కనిపించేదీ ఆ పిచ్చి అక్షరాలే.

ఇదేదో పాతరాతియుగం సంగతి అనుకోకండి. మా బంధువుల పెళ్లికి శుభలేఖ మ్యాటర్ డీటీపీ షాపు నుంచి ఫైలుగా తెప్పించుకుని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, పెళ్లికొడుకు పేరు ఉండాల్సినచోట కామాలు, డాలర్ గుర్తులు, సంబంధం లేని ఇంగ్లిష్ అక్షరాలు. తెలుగుదనం మొత్తం ఆ షాపు కంప్యూటర్‌లో ఉన్న ఫాంటులోనే ఉండిపోయింది. మా నానమ్మ అది చూసి, "ఇదేం భాషరా అబ్బయ్యా, ముహూర్తం ఎప్పుడో కూడా తెలీడంలా" అంది. ఇప్పటికీ ఎన్నో ఫ్లెక్సీలు, కరపత్రాలు, పుస్తకాలు ఈ పద్ధతిలోనే తయారవుతున్నాయి.

ఒకే ఏడాది పుట్టారు, కలవడానికి పదేళ్లు

నిజానికి దీనికి మందు ముందే ఉంది. ప్రపంచంలోని ప్రతి లిపికీ వేరే వేరే అంకెలు ఇద్దాం, ఎవరితోనూ ఎవరికీ గొడవ ఉండదు అనే ఆలోచనే యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991 అక్టోబర్‌లో వచ్చింది. అందులోనే తెలుగు ఉంది! 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు మనవి. 'త'కు 3108, 'ల'కు 3122, 'గ'కు 3095. ప్రపంచంలో ఏ కంపెనీ కంప్యూటరైనా, ఏ ఫాంటైనా 3108 అంటే 'త'నే.

చూశారా? ఆగస్టులో వెబ్ గురించి ప్రపంచానికి తెలిసింది, అక్టోబర్‌లో తెలుగుకు అంకెలొచ్చాయి. ఒకే ఏడాది, రెండు నెలల తేడా. కానీ ఇద్దరూ సరిగ్గా కలవడానికి పదేళ్లు పైనే పట్టింది. అంకెలుంటే సరిపోదు కదా. 'క్ష్మ' లాంటివి ఎట్టా కలిపి గీయాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే ఫాంటుతో వచ్చి ఆ పని చేసింది. అది కూడా వెంటనే కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, ఒక గడిలో టిక్ పెట్టి, విండోస్ సీడీ వేస్తేనే. ఇంటర్నెట్ సెంటర్ ఓనర్‌ని సీడీ అడిగి చూడండి, ఏమంటాడో!

ఈ మధ్యకాలాన్ని లాక్కొచ్చింది జీతం లేని పని చేసినవాళ్లే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున 'పద్మ' అనే సాఫ్ట్‌వేర్ రాశారు. అది పత్రికల సొంత ఫాంట్ల పిచ్చి అక్షరాలను యూనికోడ్ తెలుగులోకి మారుస్తుంది. ఒక రకంగా చెప్పాలంటే అన్ని తాళాలకూ పనికొచ్చే తాళంచెవి. 2003 డిసెంబర్ 10న తెలుగు వికీపీడియా మొదలైంది. దాని వెనకా నాగార్జునే ఉన్నారు. 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే పక్కనే తెలుగు పడేది. కొట్టే పద్ధతి ఏదనుకున్నారు? అదే పాత ఆర్‌టీఎస్.

1998లో అమెరికాలోని తెలుగువాళ్లు 'ఈమాట' అనే వెబ్ పత్రిక మొదలుపెట్టారు. వాళ్లు చేసిన ఒక మంచి పని ఏంటంటే, కాలం మారాక తమ పాత సంచికలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకున్నారు. అందుకే 1998 నాటి వాళ్ల రాతలు ఇవాళ మీ ఫోన్‌లో హాయిగా తెరుచుకుంటాయి, సెర్చ్‌లో దొరుకుతాయి. అదే కాలం నాటి మిగతావి ఎన్నో దొరకవు. తేడా ఎక్కడుంది? ఎవరో ఒకరు కూర్చుని మార్చడంలో ఉంది.

మొదట్లో చెప్పిన శాసనాల అక్షరం గుర్తుందా? దాన్ని యూనికోడ్‌లో చేర్చమని ప్రతిపాదన పెట్టినవాళ్లలో ఈమాట సురేశ్ కొలిచాల, పద్మ రాసిన నాగార్జున ఇద్దరూ ఉన్నారు.

ఫోన్‌కూ ఇదే కథ

ఫోన్లొచ్చాక అంతా సాఫీగా సాగిందనుకోకండి. తొలి స్మార్ట్‌ఫోన్లలో తెలుగంటే డబ్బాల వరసే. అప్పట్లో ఇంజినీరింగ్ కుర్రాళ్లకు తెలిసిన ఒక చిట్కా ఉండేది. ఒపేరా మినీ బ్రౌజర్‌లో ఒక రహస్య సెట్టింగ్ మారిస్తే, సర్వర్ దగ్గరే తెలుగక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. అంటే 1990ల బొమ్మల పద్ధతికే మళ్లీ వచ్చామన్నమాట.

2018 ఫిబ్రవరిలో ఇంకో వింత. ఒక్క తెలుగక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను కూలబడేసింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరసలో, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో పంపితే, అది తెరిచిన యాప్ మూతపడేది. ఆపిల్ హడావిడిగా కొత్త అప్‌డేట్ వదిలింది. జ్ఞానం ఎక్కువైతే తట్టుకోలేకపోయిందని అప్పట్లో మనవాళ్ల జోకులు. నవ్వులు సరే, అసలు విషయం ఏంటంటే మన లిపిని గీయడం ఇప్పటికీ తేలికైన పని కాదు. మన అక్షరాలను పరీక్షించి చూసేవాళ్లు ఎంత తక్కువైతే ఇట్టాంటివి అంత ఎక్కువ.

పోయినవి పోయాయి... ఉన్నవి?

1990ల చివర్లో సొంత వెబ్‌పేజీ అంటే జియోసిటీస్. ఉచితంగా స్థలం ఇచ్చేది. 1999లో యాహూ దాన్ని కొంది. 2009 అక్టోబర్‌లో అమెరికాలో మూసేసింది. ప్రపంచం నలుమూలల జనం చేత్తో కట్టుకున్న లక్షల పేజీలు ఒక్కసారిగా తెర దించుకున్నాయి. కొంతమంది ఔత్సాహికులు చివరి నెలల్లో పరుగులు పెట్టి కాపీలు తీసుకోబట్టి కొంతైనా మిగిలింది.

పుస్తకాల సంగతీ అంతే. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టు నడిచింది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాలు అందులోకి వచ్చాయి. తర్వాత ఆ సైటు మూతపడింది. అయినా మనం ఆ పుస్తకాల్లో చాలావాటిని చదవగలుగుతున్నామంటే, వాటి కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉండబట్టే. ఒకేచోట పెట్టినది ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. రెండుచోట్ల పెట్టినది మిగులుతుంది.

ఇప్పుడు దీనికి ఇంకో కోణం వచ్చింది. ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే తెలుగులో జవాబిచ్చే ఏఐలు వచ్చాయి కదా. అవి భాష నేర్చుకునేది నెట్‌లో ఉన్న రాతల నుంచే. బొమ్మగా పెట్టిన కవిత, పాత ఫాంటులో ఇరుక్కున్న వార్త వాటికి తెలుగుగా లెక్కకు రావు. మా నెల్లూరు యాస, మీ శ్రీకాకుళం యాస, పాలమూరు మాట, ఇవన్నీ అక్షరాలుగా నెట్‌లో లేకపోతే రేపటి మెషీన్‌కు అవి లేనట్టే.

మరి మనం ఏం చేయొచ్చు? పెద్ద పనులేం అక్కర్లేదు.

ఒకటి, రాసింది బొమ్మగా పెట్టే ముందు అక్షరాలుగా కూడా పెట్టండి. మీ ఊరి జాతర పోస్టర్ అయినా, మీ తాతయ్య మీద రాసిన నాలుగు మాటలైనా, ఫొటో కింద అదే మ్యాటర్ టైప్ చేసి వదలండి.

రెండు, ఇంట్లోనో తెలిసినవాళ్ల దగ్గరో పాత ఫాంట్లలో ఉన్న ఫైళ్లుంటే, ఆ ఫాంటు ఇంకా దొరుకుతున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చే టూల్స్ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి కాబట్టి ఒకసారి కళ్లతో చదివి సరిచేయండి. అసలు ఫైలు, ఫాంటు మాత్రం పారేయొద్దు.

మూడు, మీకు నచ్చిన తెలుగు పేజీ ఏదైనా కనిపిస్తే దాని లింకును ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి సేవ్ చేయండి. 1996 నుంచి వెబ్‌ను కాపీ తీస్తున్న సంస్థ అది. ఫోన్‌లోనే అయిపోతుంది, నిమిషం పని.

నాలుగు, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఒకసారి తెరిచి చూడండి. మీకు తెలిసినది, ఆధారం చూపించగలిగినది అందులో లేకపోతే ఒక్క వాక్యం చేర్చండి. మా జిల్లా రాళ్ల మీద ఏముందో 1905లో ఇద్దరు మనుషులు తిరిగి రాసుకున్నారు. అప్పటికి వాళ్ల చేతిలో సెల్‌ఫోన్లు లేవు, మన చేతిలో ఉన్నాయి.

ఇక ఆ మొదటి అక్షరం ఇప్పటికీ మీ తెర మీద డబ్బాలాగే ఉంటే, ఫోన్ అప్‌డేట్ చేసి ఇంకోసారి చూడండి. వెయ్యేళ్లు రాయి మీద ఆగిన అక్షరం, ఇంకో రెండు అప్‌డేట్లు ఆగలేకపోతుందా!